దూరాన్నీ వింతనీ ఇంగ్లీషులో ఎలా చెప్పాలి: ‘రిమోట్’, ‘స్ట్రేంజ్’ దాటి సరైన మాట ఎంచుకునే పద్ధతి

నెల్లూరు, ఒంగోలు వైపు ఇంగ్లీషులో రాయాల్సిన అవసరం ఇప్పుడు కాలేజీ పిల్లలకే కాదు, చాలామందికి పడుతోంది. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కి వెళ్లేవాళ్లకు, మాట్లాడే భాగమైన స్పీకింగ్‌లో ‘మీరు చూసిన ఒక అరుదైన చోటు గురించి చెప్పండి’ లాంటి ప్రశ్న రావచ్చు. పులికాట్ ఒడ్డున రూములు అద్దెకిచ్చేవాళ్లు గూగుల్ మ్యాప్స్‌లో నాలుగు వాక్యాలు పెట్టుకోవాలి. గూడేల్లో పనిచేసే సంస్థల ఉద్యోగులు నెలనెలా రిపోర్టు పంపాలి. వీళ్ల రాతల్లో దూరంగా ఉన్న ప్రతిదీ ‘రిమోట్’, కొత్తగా అనిపించిన ప్రతిదీ ‘స్ట్రేంజ్’ లేదా ‘యునీక్’ అయిపోతుంది. రాత ఇంకాస్త బరువుగా కనబడాలని థెసారస్ (పర్యాయపదాల నిఘంటువు) తెరిచి, ఆ వరుసలో అన్నిటికన్నా పొడవైన మాట తీసి అతికించేవాళ్లూ ఉన్నారు. అది ఇంకా ప్రమాదం. పక్కపక్కన అచ్చయినంత మాత్రాన ఆ మాటలన్నీ ఒకదాని చోట ఒకటి ఒదగవు.

ఈ రెండు కుటుంబాల మాటల్లో ఒక ప్రత్యేకత ఉంది. ‘ఎరుపు’, ‘గుండ్రం’ లాంటివి వస్తువు గురించి మాత్రమే చెబుతాయి. ‘దూరం’, ‘వింత’ అలా కాదు. చెప్పే మనిషి ఎక్కడ నిలబడి చూస్తున్నాడో కూడా బయటపెడతాయి. దేనికి దూరం? ఎవరికి వింత? ఈ రెండింటికీ జవాబు తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

మొదటి అడుగు: ముందు తెలుగులో కచ్చితంగా అనుకోండి

ఇంగ్లీషు మాట కోసం వెతకబోయే ముందు, చెప్పదలచుకున్నది తెలుగులో ఒక్క వాక్యంగా కాగితం మీద రాసుకోండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఈ తేడాలు పట్టుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ‘ఆ ఊరు శానా దవ్వు’ అన్నప్పుడు మనం కిలోమీటర్ల గురించి మాట్లాడుతున్నాం. ‘మారుమూల పల్లె’ అన్నప్పుడు బస్సు, ఆసుపత్రి, ఆఫీసు ఏవీ దగ్గర్లో లేవని చెబుతున్నాం. ‘దారీ తెన్నూ లేదు’ అంటే వెళ్లడం కష్టమని. ‘నిర్మానుష్యంగా ఉంది’ అంటే మనిషి అలికిడి లేదని. నాలుగూ వేరు వేరు సంగతులు, నాలుగింటికీ ఇంగ్లీషులో వేరు వేరు మాటలున్నాయి.

రెండో వైపు కూడా అంతే. ‘అరుదు’ అంటే లెక్కలో తక్కువ. ‘అపురూపం’లో ప్రేమ ఉంది. ‘వింత’లో ఆశ్చర్యం ఉంది. ‘ఇదేం విడ్డూరం!’ అన్నప్పుడు మందలింపు వినబడుతుంది. ‘ఏదో తేడాగా ఉంది’ అంటే అనుమానం. తెలుగు వాక్యంలో వీటిలో ఏది పడిందో చూసుకోండి. తెలుగులోనే గజిబిజిగా ఉంటే ఇంగ్లీషులో అది తేటపడదు.

రెండో అడుగు: దూరానికి మూడు ప్రశ్నలు

దూరంగా ఉన్న చోటు గురించి రాసేటప్పుడు వరుసగా అడగండి: కిలోమీటర్లు ఎక్కువా? దారి కష్టమా? మనుషులు లేరా?

కిలోమీటర్లే విషయమైతే ‘డిస్టెంట్’ చాలు. అది కేవలం కొలత, అందులో జాలి గానీ మెచ్చుకోలు గానీ లేదు. నేలకే కాకుండా కాలానికీ, శబ్దానికీ, బంధుత్వానికీ కూడా పనికొస్తుంది. దూరపు ఉరుము ‘డిస్టెంట్ థండర్’, దూరపు చుట్టం ‘డిస్టెంట్ రెలెటివ్’. ఇక్కడ ‘రిమోట్’ పెడితే వినేవాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది. నలుమూలలా చెదిరి ఉన్నవాటికి ‘ఫార్-ఫ్లంగ్’ వాడతారు. డల్లాస్ నుంచి దోహా దాకా ఉన్న నెల్లూరువాళ్ల గురించి రాస్తుంటే ‘ఫార్-ఫ్లంగ్ కార్నర్స్ ఆఫ్ ద వరల్డ్’ అనొచ్చు. ఒక్క ఊరి గురించే అయితే ఇది అంతగా అతకదు.

‘రిమోట్’ అంటే కేంద్రాలకు దూరం. పట్నం, ఆసుపత్రి, కాలేజీ, అధికారి బల్ల, వీటికి దూరంగా ఉండటం. ఎర్రగొండపాలెం దాటి నల్లమల లోపలున్న చెంచు గూడేలకు ఈ మాట సరిగ్గా సరిపోతుంది. ఆఫీసు రిపోర్టులో కూడా మర్యాదగా ఉంటుంది. స్థలం గురించి కాకుండా అవకాశం గురించి చెప్పేటప్పుడు కూడా ఇదే మాట వాడతారు. ‘రిమోట్ ఛాన్స్’ అంటే జరిగే వీలు దాదాపు లేదని. ఒక జాగ్రత్త: మన ఆఫీసుల్లో అందరూ ‘ఇంటీరియర్ విలేజ్’ అంటారు. మన దేశంలో అది అర్థమవుతుంది. బయటి దేశాల పాఠకుడికి మాత్రం ‘ఇంటీరియర్’ అంటే ఇంటి లోపలి అలంకరణ ముందు గుర్తొస్తుంది. చదివేవాళ్లు విదేశీయులైతే ‘రిమోట్ విలేజ్’ అని రాయండి.

దారి కష్టమైతే మాట మారాలి. పులికాట్ సరస్సులోని ఇరకం దీవినే తీసుకోండి. తడ దగ్గర జాతీయ రహదారి మీద నిలబడి చూస్తే అదేమీ ప్రపంచం చివర లేదు. కానీ చుట్టూ నీళ్లు, పడవ ఎక్కాలి. కాబట్టి అది ‘డిస్టెంట్’ కాదు, ‘ఐసొలేటెడ్’. ఈ మాట పుట్టిందే లాటిన్‌లో దీవికి ఉన్న పేరు నుంచి, అందుకే ఇరకానికి అక్షరాలా సరిపోతుంది. నేల మీద ఉన్న ఊళ్లకూ వాడొచ్చు, కాకపోతే ఆ ఊరు మిగతావాళ్ల నుంచి విడిపడి ఒంటరిగా ఉందన్న అర్థం రావాలి.

‘ఐసొలేటెడ్’ ఎప్పుడూ ఉండే స్థితి. ‘కట్ ఆఫ్’ అయితే ఒక సంఘటన వల్ల వచ్చిపడేది. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట దెబ్బతింది, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. దేశంలోని ముఖ్యమైన రోడ్డు, రైలు మార్గాలు రెండూ నెల్లూరు గుండా వెళ్తాయి. ఆ ఊరిని ఎవరూ ‘రిమోట్’ అనలేరు. అయినా ఆ రోజుల్లో నెల్లూరు ‘వాజ్ కట్ ఆఫ్’. వాగు పొంగి చప్టా మీద నీళ్లు పారే ఊళ్లకు కూడా ఇదే మాట. వరద నీళ్ల మధ్య చిక్కుకున్న మనుషులకు పేపర్లలో ‘మరూన్డ్’ అని రాస్తారు.

ఎక్కడం, చేరడం కష్టమైన చోటుకు ‘ఇనాక్సెసిబుల్’. ఉదయగిరి దుర్గం దీనికి మంచి ఉదాహరణ. నిటారు కొండ, పైన కోట. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో ఒడిశా గజపతుల నుంచి దాన్ని తీసుకున్నాడు. కోటల గురించి రాసేవాళ్లు ఇక్కడ ‘ఇంప్రెగ్నబుల్’ అనే మాట తగిలిస్తుంటారు. దాని అర్థం ఎవరూ గెలవలేనిదని. ఉదయగిరిని ఒకరు గెలిచారు కదా! కాబట్టి ముందు ‘సీమింగ్లీ’ చేర్చాలి, అంటే గెలవలేనిదిగా కనిపించేదని. ఇంత చిన్న మాట చరిత్రను అబద్ధం కాకుండా కాపాడుతుంది.

ఇక మనుషుల సంగతి. ఇక్కడే మాటల్లో మనసు ఎక్కువగా బయటపడుతుంది. జనం లేకపోవడం హాయిగా ఉంటే ‘సెక్లూడెడ్’. కావాలని వెతుక్కునే ఏకాంతం అది, రిసార్టువాళ్లు ఇష్టంగా వాడతారు. ఆదివారం సాయంత్రం మైపాడు బీచ్‌కి ఈ మాట వాడితే చదివి వచ్చినవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు. ఆ గుంపుకు దూరంగా, ఇసుకలో చాలాసేపు నడిచి చేరుకునే నిశ్శబ్దమైన ఒడ్డుకు సరిపోతుంది. ఒకప్పుడు జనం ఉండి ఇప్పుడు లేకపోతే ‘డెజర్టెడ్’. అసలు ఎవరూ కాపురం లేకపోతే ‘అనిన్‌హాబిటెడ్’. చూస్తే గుండె కలుక్కుమనేంత బోసిగా ఉంటే ‘డెసొలేట్’. పశ్చిమ ప్రకాశంలో వరసగా వానలు ముఖం చాటేసిన ఏడాది, బోర్లు ఎండిన చేల మధ్య నిలబడితే ఈ మాట దానంతటదే వస్తుంది. అందం గురించి రాసే పేరాలో దీన్ని పెట్టకండి.

శాస్త్ర విషయాలు రాసేటప్పుడు ఇంకా కచ్చితంగా ఉండాలి. శ్రీహరికోటను రాకెట్ కేంద్రం కోసం 1969లో ఎంచుకున్నారు, 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. చాలామంది పిల్లలు ప్రాజెక్టుల్లో ‘అది రిమోట్ ప్లేస్ కాబట్టి ఎంచుకున్నారు’ అని రాస్తారు. అసలు కారణాలు వేరు. జనం పలచగా ఉండటం, తూర్పున అడ్డులేని సముద్రం ఉండటం, తూర్పుకు ప్రయోగిస్తే భూమి తిరిగే వేగం కలిసిరావడం. కాబట్టి అక్కడ రాయాల్సిన మాట ‘స్పార్స్‌లీ పాప్యులేటెడ్’. నెల్లూరు, చెన్నై రెండూ అందుబాటులో ఉన్న చోటు అది.

పట్నం చుట్టూ ఉన్న పల్లెలకు ‘అవుట్‌లయింగ్ విలేజెస్’ అంటే చాలు. పర్యాటకులు పెద్దగా తొక్కని చోటుకు ‘ఆఫ్ ద బీటెన్ ట్రాక్’ మంచి మాట. ‘గాడ్‌ఫర్‌సేకెన్’ మాత్రం తిట్టు, మన దిక్కుమాలిన ఊరు అన్నట్టు.

పులికాట్ చుట్టుపక్కలవాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. ‘బ్యాక్‌వాటర్స్’ అని బహువచనంలో అంటే నీళ్లు, సరస్సు. ‘ఎ బ్యాక్‌వాటర్’ అని ఏకవచనంలో ఒక ఊరిని అంటే అక్కడ ఏ కదలికా లేదని, వెనకబడి నిలిచిపోయిందని అర్థం. మీ ఊరి గురించి ప్రేమతో రాస్తూ చివర ఒక్క అక్షరం వదిలేస్తే అవమానించినట్టవుతుంది.

మూడో అడుగు: వింతకు నాలుగు ప్రశ్నలు

ఇక్కడ అడగాల్సినవి: సంఖ్య తక్కువా? మిగతావాటిలా లేదా? నాకు కొత్తా? నా మనసుకు ఎలా తగిలింది?

సంఖ్య తక్కువైతే ‘రేర్’. ఎంతో వెతికితే గానీ కనబడనిదైతే ‘ఎలూసివ్’. ఈ రెండింటికీ కలివికోడిని మించిన ఉదాహరణ లేదు. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ ఈ పిట్టను లోకానికి చూపించాడు, ఇంగ్లీషులో దానికి ఆయన పేరే ఉంది. 1900 ప్రాంతం తర్వాత అది ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనుకుంటున్న సమయంలో 1986లో కడప జిల్లా లంకమల వైపు మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే పిట్ట, పొదల చాటున ఉంటుంది. కాబట్టి ‘రేర్ అండ్ ఎలూసివ్ బర్డ్’. ‘స్కార్స్’ కూడా తక్కువే గానీ, మనకు అవసరమైనది చాలినంత దొరక్కపోతే ఎక్కువగా వాడతారు. కనిగిరి వైపు మంచినీళ్లు స్కార్స్, కలివికోడి రేర్.

పులికాట్ రాజహంసల గురించి, నేలపట్టులో కడప అనే రకం చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతుల గురించి రాసేవాళ్లు కూడా అలవాటుగా ‘రేర్ బర్డ్స్’ అనేస్తారు. చలికాలంలో వేలకొద్దీ వచ్చి వాలే పక్షి రేర్ ఎలా అవుతుంది? అక్కడ చెప్పాల్సింది ‘మైగ్రేటరీ’ లేదా ‘సీజనల్ విజిటర్స్’, ఆ దృశ్యానికి ‘స్పెక్టాక్యులర్’. అది మనసును కట్టిపడేసే దృశ్యం. దాన్ని చెప్పడానికి తప్పుడు మాట అరువు తెచ్చుకోనక్కర్లేదు.

మిగతావాటిలా లేదంటే, ‘యునీక్’ రాయడానికి ముందు ఆగండి. యునీక్ అంటే ప్రపంచంలో ఒక్కటే. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌కు ఆ అర్హత ఉంది. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల, ఆ రాయి చీమకుర్తి చుట్టుపక్కలే తవ్వుతారు. ‘యునీక్ టు చీమకుర్తి’ అని నిర్భయంగా రాయొచ్చు. ఒక్కటే అయినదానికి ఎక్కువ తక్కువలు ఉండవు కాబట్టి పరీక్షల్లో ‘వెరీ యునీక్’ రాయకండి.

నెల్లూరు చేపల పులుసు యునీక్ కాదు. కోస్తా అంతటా చేపల పులుసు వండుతారు. కానీ మామిడికాయ ముక్క వేసి, చింతపులుసు చిక్కబరిచి, రెండోరోజుకు ఊరనిచ్చి తినే ఆ రుచిని కళ్లు మూసుకుని కూడా గుర్తుపట్టొచ్చు. అలా దేన్నయినా గుర్తుపట్టగలిగితే దానికి ‘డిస్టింక్టివ్’ అనే మాట ఉంది. ‘పెక్యూలియర్’ జోలికి వెళ్తే రెండు అర్థాలు తెలుసుకుని వెళ్లాలి. ‘పెక్యూలియర్ టు నెల్లూరు’ అంటే నెల్లూరుకే చెందినదని, మంచి మాట. ‘ది కర్రీ హ్యాజ్ ఎ పెక్యూలియర్ స్మెల్’ అంటే కూరలో ఏదో తేడా వాసన వస్తోందని. అతిథి ముందు రెండో వాక్యం అనకండి.

నాకు కొత్త అనేది మూడోది. వస్తువులో వింత లేకపోయినా నాకు అలవాటు లేకపోతే ‘అన్‌ఫెమిలియర్’. ఇది చాలా నిజాయితీ ఉన్న మాట, ఎందుకంటే లోపం నా ఎరుకలో ఉందని ఒప్పుకుంటుంది. ‘స్ట్రేంజ్’ కూడా ఇక్కడిదే, కానీ దానిలో కాస్త బెరుకు కలిసి ఉంటుంది. కొత్త ఆలోచనకు, కొత్త పద్ధతికి ‘నావెల్’. ఇంతకుముందు ఎన్నడూ జరగనిదానికి ‘అన్‌ప్రెసిడెంటెడ్’. ఏటా వచ్చే తుపానుకు ఈ మాట పెట్టకండి.

నాలుగోది మనసు. మాటల మెట్లు ఇలా ఉంటాయి: ‘అన్‌యూజువల్’లో ఏ రాగద్వేషమూ లేదు. ‘ఆడ్’ అంటే చిన్న ఇబ్బంది. ‘స్ట్రేంజ్’ ఇంకాస్త పైన. ‘వియర్డ్’ స్నేహితుల మధ్య చాటింగ్ మాట, అందులో నచ్చకపోవడం ఉంటుంది. దాని స్పెల్లింగ్‌లో ‘ఇ’ ముందు, ‘ఐ’ తర్వాత, చాలామంది తిరగేస్తారు. ‘బిజార్’ అన్నిటికన్నా తీవ్రం, నమ్మశక్యం కానిదానికి. ఇంకో వైపు మెచ్చుకోలు మెట్లున్నాయి: ‘రిమార్కబుల్’, ‘ఎక్స్‌ట్రార్డినరీ’. మనిషి అలవాట్లు వింతగా ఉంటే ‘ఎక్సెంట్రిక్’, ఆ వింత ముద్దొస్తే ‘క్వర్కీ’. పాతకాలపు అందానికి ‘క్వెయింట్’. ఒళ్లు జలదరిస్తే ‘ఈరీ’. వేషం, ఆలోచన మరీ అతిగా ఉంటే ‘అవుట్‌లాండిష్’.

పాత గైడ్లలో ‘స్ట్రేంజ్’కు పర్యాయపదంగా ‘క్వీర్’ ఇచ్చి ఉంటుంది. ఆ అర్థంలో దాన్ని ఇప్పుడు దాదాపు ఎవరూ వాడటం లేదు. లైంగికత, జెండర్ విషయంలో భిన్నమైన గుర్తింపు ఉన్నవాళ్లు తమను తాము చెప్పుకునే మాటగా అది స్థిరపడింది. వస్తువుల గురించి రాసేటప్పుడు దాన్ని వదిలేయండి.

నాలుగో అడుగు: చూస్తున్న కన్ను ఎవరిదో చూసుకోండి

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఈ అడుగే. మన పశువుల ఆసుపత్రుల్లో జెర్సీ, హోల్‌స్టీన్ ఆవులను ‘ఎగ్జాటిక్ బ్రీడ్స్’ అంటారు, ఒంగోలు జాతిని ‘ఇండిజినస్’ అంటారు. పరాయి దేశం నుంచి వచ్చింది ఎగ్జాటిక్, ఈ నేలది ఇండిజినస్. అదే ఒంగోలు జాతి ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లింది. అక్కడ దాని పేరు ‘నెలోర్’, మన నెల్లూరు పేరే. ఇప్పుడు ఆ దేశపు మాంసం పశువుల్లో పెద్ద భాగం ఆ జాతిదే. అక్కడ అడుగుపెట్టిన రోజున మన గిత్త ఎగ్జాటిక్. అదే గిత్త, అదే మూపురం. మారింది చూసే చోటు.

అందువల్ల మీ అమ్మమ్మ చేసే వంటను, మీ ఊరి తిరునాళ్లను ఇంగ్లీషులో ‘ఎగ్జాటిక్’ అని రాస్తే, మీ ఇంటిని మీరే గేటు బయట నిలబడి చూస్తున్నట్టు అవుతుంది. విదేశీ టూరిస్టుల కోసమే రాస్తున్నా ‘ట్రడిషనల్’, ‘లోకల్’, ‘రీజినల్’ అనే మాటలున్నాయి. అవి ఇంటివాళ్లు వాడే మాటలు.

రొట్టెల పండుగను ఉదాహరణగా పెట్టుకుని ఇది సాధన చేయండి. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె. కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు, తీరినవాళ్లు మరుసటి ఏడాది వచ్చి ఇంకొకరికి ఇస్తారు. అన్ని మతాలవాళ్లూ వస్తారు. దీన్ని ‘వియర్డ్ రిచువల్’, ‘బిజార్ కస్టమ్’ అని రాసినవాడు తన అలవాటులేనితనాన్ని ఆ జనం మీదికి నెట్టినట్టే. ‘యాన్ అన్‌యూజువల్ అండ్ మూవింగ్ ఫెస్టివల్’ అంటే వాస్తవం చెప్పినట్టూ ఉంటుంది, గౌరవించినట్టూ ఉంటుంది. చెరువులో ఆ రొట్టె చేతిలో పట్టుకుని వణుకుతున్న పెద్దావిడ మీ వాక్యం చదివితే ఏమనుకుంటుందో ఒక్కసారి ఆలోచించండి. ఆవిడ ముందు చదవగలిగిన మాటే రాయండి.

మనుషుల గురించి రాసేటప్పుడు ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. చెంచుల గురించిన రిపోర్టుల్లో ‘ప్రిమిటివ్’ అనే మాట ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వమే 2006లో ఆ వర్గీకరణ పేరు మార్చి ‘పర్టిక్యులర్లీ వల్నరబుల్ ట్రైబల్ గ్రూప్స్’ అంది. ‘బ్యాక్‌వర్డ్ విలేజ్’ అనడం కన్నా అక్కడ ఏది లేదో చెప్పడం మేలు: బడి లేదా, సిగ్నల్ లేదా, అంబులెన్స్ రాదా? గూడెం రిమోట్ కావచ్చు, అందులోని మనుషులు స్ట్రేంజ్ కారు.

ఐదో అడుగు: పక్కమాటలు సరిచూసుకోండి

సరైన మాట దొరికినా దాని పక్కన తప్పు మాట పడితే వాక్యం కుంటుతుంది. తెలుగువాళ్లకు ఎక్కువగా తగిలేవి ఇవి. ‘ఎ యునీక్’ అనాలి, ‘యాన్ యునీక్’ కాదు, ఎందుకంటే పలికేటప్పుడు మొదట వచ్చేది ‘య’ శబ్దం. ‘యాన్ అన్‌యూజువల్’ మాత్రం సరైనదే. ‘యునీక్ టు’, ‘పెక్యూలియర్ టు’ అంటారు. ‘ఐసొలేటెడ్ ఫ్రమ్’, ‘కట్ ఆఫ్ ఫ్రమ్’, ‘ఫార్ ఫ్రమ్’ అంటారు. ‘ఈ చోటు నాకు కొత్త’ అంటే ‘ద ప్లేస్ ఈజ్ అన్‌ఫెమిలియర్ టు మీ’. ‘ఈ చోటు నేనెరుగను’ అంటే ‘అయామ్ అన్‌ఫెమిలియర్ విత్ ద ప్లేస్’.

ప్రతిదానికీ ముందు ‘వెరీ’ తగిలించే అలవాటు మానుకోండి. ‘హైలీ అన్‌యూజువల్’, ‘ఎక్స్‌ట్రీమ్లీ రేర్’, ‘కంప్లీట్లీ ఐసొలేటెడ్’ అనేవి ఇంగ్లీషువాళ్ల నోట సహజంగా వచ్చే జంటలు. వీటిని ఒక్కొక్క మాటగా కాకుండా జంటలుగానే బట్టీపట్టండి.

తనిఖీకి థెసారస్ సరిపోదు. కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్ వాళ్ల లెర్నర్స్ డిక్షనరీలు ఫోన్‌లో ఉచితంగా దొరుకుతాయి. మాట అర్థం చదివి ఆగిపోకుండా, దాని పక్కన ‘ఇన్‌ఫార్మల్’ అనో, ‘డిసప్రూవింగ్’ అనో, ‘ఓల్డ్-ఫ్యాషన్డ్’ అనో గుర్తు ఉందేమో చూడండి. ‘డిసప్రూవింగ్’ అని ఉంటే అది తిట్టుకు దగ్గరి మాట. తర్వాత కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు మూడైనా చదవండి. మీ వాక్యం ఆ మూడింటి పక్కన ఇమిడితేనే వాడండి.

ఐఈఎల్‌టీఎస్ వాళ్లకు ఒక మాట. స్పీకింగ్‌లోనూ రైటింగ్‌లోనూ ‘లెక్సికల్ రిసోర్స్’కు, అంటే పదసంపదకు, నాలుగో వంతు మార్కులు. చాలామంది దాన్ని కష్టమైన మాటల లెక్క అనుకుని టెన్షన్ పడతారు. అరుదైన మాటలకు మార్కులు ఉన్నమాట నిజమే గానీ, ఏ మాట పక్కన ఏది కూర్చుంటుందో తెలుసా అన్నది కూడా అందులోనే చూస్తారు. ‘అవుట్‌లాండిష్ విలేజ్’ కన్నా ‘రిమోట్ విలేజ్’కే మంచి మార్కు పడుతుంది.

ఆరో అడుగు: విశేషణం తీసి నిజం పెట్టి చూడండి

రాయడం అయ్యాక ప్రతి ‘రిమోట్’, ప్రతి ‘యునీక్’ కిందా గీత గీయండి. ఆ చోట ఒక వాస్తవం పెట్టగలరా చూడండి. భైరవకోన గురించి సాధారణంగా కనిపించే రాత ఇలా ఉంటుంది: ‘భైరవకోన ఈజ్ ఎ వెరీ రిమోట్ అండ్ వెరీ యునీక్ ప్లేస్ విత్ స్ట్రేంజ్ టెంపుల్స్.’ చదివినవాడికి అక్కడ ఏముందో ఒక్క ముక్క తెలియలేదు. పైగా గుళ్లను స్ట్రేంజ్ అనడం వల్ల ఏదో భయపెట్టే చోటనిపిస్తుంది.

దీన్ని మార్చి రాద్దాం: ‘భైరవకోన లైస్ వెల్ ఆఫ్ ద బీటెన్ ట్రాక్. ఎయిట్ కేవ్ టెంపుల్స్ టు శివ ఆర్ కట్ ఇంటు ద రాక్ ఆఫ్ ఎ సింగిల్ హిల్, క్లోజ్ టు ఎ వాటర్‌ఫాల్.’ ఇందులో మెచ్చుకునే విశేషణం ఒక్కటీ లేదు. ఎనిమిది గుహాలయాలు, ఒకే కొండ, శివుడు, దగ్గర్లో జలపాతం. ఇది మామూలు చోటు కాదని పాఠకుడే అనుకుంటాడు. బస్సు ఎక్కడిదాకా వస్తుందో, అక్కడి నుంచి ఎలా వెళ్లాలో మీరు స్వయంగా చూసి మూడో వాక్యంగా చేర్చితే ‘రిమోట్’ అన్న మాట అవసరమే రాదు.

అలాగని విశేషణాలన్నీ పీకేయమని కాదు. గీతలు గీసిన వాటిలో వాస్తవంతో భర్తీ కానివి కొన్ని మిగులుతాయి. ‘మూవింగ్’, ‘డెసొలేట్’, ‘డిస్టింక్టివ్’ లాంటివి. మీ మనసు చెప్పేవి అవే, వాటిని ఉంచండి.

నోటితో చెప్పేవాళ్లకు

స్పీకింగ్ పరీక్షకో ఇంటర్వ్యూకో వెళ్తుంటే ఎంచుకున్న మాటలను గట్టిగా పలికి చూసుకోండి. ‘రిమోట్’, ‘యునీక్’ రెండింటిలోనూ ఒత్తు రెండో భాగం మీద పడాలి. ‘డిస్టెంట్’లో మొదటి దాని మీద. ‘ఐసొలేటెడ్’లో ‘ఐ’ని కాస్త సాగదీసి పలకాలి, ‘ఇసొలేటెడ్’ అనకూడదు. ‘డెసొలేట్’ చివర ‘లేట్’ అని సాగదీయకుండా ‘లెట్’ అని తేల్చేయాలి. ‘బిజార్’ విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. మన నోట అది ‘బజార్’కు చాలా దగ్గరగా పలుకుతుంది, ఇంగ్లీషువాళ్ల నోట కూడా ఆ రెండింటి మధ్య తేడా కొద్దిగానే ఉంటుంది. చిన్నబజారు, పెద్దబజారు గురించి చెబుతూ మధ్యలో ‘బిజార్’ వాడితే వినేవాళ్లు తడబడతారు. అలాంటి చోట ‘వెరీ ఆడ్’ అనేయండి.